పాత కాటన్ చీరలతో లాగ్ క్యాబిన్ క్విల్ట్: బ్లాకులన్నీ ఒకే సైజులో రావాలంటే

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. అమ్మగారి కాటన్ చీరలు తొమ్మిది, పట్టుచీరలు రెండు ఉన్నాయి. వాటితో అమెరికన్ పద్ధతిలో లాగ్ క్యాబిన్ క్విల్ట్, అంటే మధ్య ముక్క చుట్టూ పట్టీలు కుట్టిన చదరపు బ్లాకులను కలిపి చేసే బొంత, కుట్టాలని మొదలుపెట్టారు. వీడియో చూసి నాలుగు బ్లాకులు కుట్టారు. పదిన్నర అంగుళాలు రావాల్సిన చోట ఒకటి తొమ్మిదిన్నర వచ్చింది, ఇంకోటి పది వచ్చింది, మూడోది అసలు చదరంగా లేదు, నాలుగోది మధ్యలో ఉబ్బింది. ఎక్కడ తేడా కొట్టింది, చీరలు సరిపోతాయా, లోపల దూది పెట్టాలా, పట్టుచీరలు కలపొచ్చా అని అడిగారు. మిషన్ పాత నల్ల తొక్కుడు మిషన్ అన్నారు. మిషన్ గురించి అసలు టెన్షన్ పడకండి. లాగ్ క్యాబిన్‌లో ఉన్నవన్నీ నిలువు కుట్లే, వాటికి అంతకన్నా మంచి మిషన్ లేదు.

తేడా రెండు చోట్ల ఉంది. మొదటిది మార్జిన్, అంటే గుడ్డ అంచుకూ కుట్టుకూ మధ్య వదిలే జాగా. ఈ బ్లాకులో మధ్య ముక్కకు అటు నాలుగు, ఇటు నాలుగు పట్టీలు వస్తాయి. అంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఎనిమిది కుట్లు. పావు అంగుళం పట్టాల్సిన మార్జిన్ పదహారో వంతు ఎక్కువ పట్టారనుకోండి, కుట్టుకు రెండు వైపులా కలిపి ఎనిమిదో వంతు పోతుంది. ఎనిమిది కుట్లకు సరిగ్గా ఒక అంగుళం. మీ తొమ్మిదిన్నర అంగుళాల బ్లాకు లెక్క అదే. కుట్టేటప్పుడు కంటికి ఆనని తేడా, చివర్లో ఇంత కనిపిస్తుంది.

రెండోది గుడ్డ. ఆ వీడియోల్లో వాడేది క్విల్టింగ్ కాటన్ అని ప్రత్యేకంగా అమ్మే గుడ్డ. 44 అంగుళాల పన్నా, కాస్త మందం, నేత బిగువు, ఏ రంగు కొన్నా ఒకే బరువు. మన చీరలు అలా ఉండవు. వెంకటగిరి గాలికి ఎగిరేంత పల్చన, మంగళగిరి కొంచెం నిలకడ, నారాయణపేట ఇంకొంచెం బరువు. పైగా ఏళ్ళ తరబడి ఉతికి ఆరేసినవి. ఇలాంటి గుడ్డను ఒకటిన్నర అంగుళం పట్టీలుగా కోసి మిషన్ కింద పెడితే పైది ఒకలా, కిందది ఒకలా జరుగుతాయి. ఒక్కో పట్టీ వెంట్రుకవాసి సాగినా నాలుగు చుట్లు తిరిగేసరికి అంచులు పొడుగై బ్లాకు వంకర పోతుంది, లేదా ఇస్త్రీ చేసినా అణగకుండా మధ్యలో లేస్తుంది.

అందుకని నేను చెప్పేది ఒకటే. చీర గుడ్డతో లాగ్ క్యాబిన్ చేస్తే గుడ్డకు గుడ్డ గాల్లో కలిపి కుట్టకండి. ప్రతి బ్లాకు కింద ఒక పునాది గుడ్డ వేసి, పట్టీలను దాని మీదే కుట్టుకుంటూ వెళ్ళండి. మార్జిన్ సంగతి, సాగే సంగతి రెండూ దీంతో అదుపులోకి వస్తాయి.

ఇది నేను కనిపెట్టిన చిట్కా కాదు, ఈ బ్లాకు అసలు పద్ధతే ఇది. లాగ్ క్యాబిన్ అమెరికాలో 1860ల నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. అప్పటి వాళ్ళు ఇప్పటిలా షాపుకెళ్ళి ఒకే రకం గుడ్డ తెచ్చుకుని కుట్టలేదు. పాత ఉన్ని గౌన్లు, పట్టు రిబ్బన్లు, నూలు చొక్కాలు, ఇంట్లో ఏ పీలిక ఉంటే అది కలిపేవాళ్ళు. రకరకాల బరువులున్న గుడ్డలు ఒకదాన్నొకటి లాగకుండా ఉండాలని కింద ఒక పాత గుడ్డ వేసి దాని మీద కుట్టారు. బ్రిటన్ పక్కన ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో ఇదే తరహా బ్లాకు ఉంది, ఇంటి కప్పు పేరుతో పిలుస్తారు. అక్కడి స్త్రీలు స్కేలు, కత్తెర లేకుండా గుడ్డను చింపి, అరచేతితో, వేళ్ళతో కొలుచుకుని, పునాది గుడ్డ మీద చేత్తోనే కుట్టేవాళ్ళు. జానా బెత్తెడు కొలతల మన నాయనమ్మలకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండేది కాదు. తర్వాత రోటరీ కట్టర్లు (గుండ్రటి బ్లేడు ఉన్న కత్తులు) వచ్చి, ఒకే రకం గుడ్డ దొరికాక పునాది అవసరం తగ్గింది. మీ చీరలకు మాత్రం ఆ పాత పద్ధతే సరి.

పునాదికి పాత తెల్ల పంచె బాగుంటుంది. నాలుగు మీటర్ల పంచె, పన్నా 50 అంగుళాలు ఉంటే 12 అంగుళాల చదరాలు 48 వచ్చి ఇంకా నాలుగు మిగులుతాయి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. నేత పలచబడి దారాలు విడిపోయిన చోటు వదిలేయండి. అమ్మే గుడ్డ కావాలంటే ఉతికిన మల్ గుడ్డ తీసుకోవచ్చు. పాలియెస్టర్ కలిసింది మాత్రం వద్దు, ఇస్త్రీకి ముడుచుకుంటుంది. ఉతకని కొత్త గుడ్డ కూడా వద్దు, మొదటి ఉతుకులో అది కుంచించుకుపోతే పైన పట్టీలన్నీ ముడతలు పడతాయి.

ఇక చీరలు. వాటిని కోసే ముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దాన్నే వదిలేస్తారు. లాగ్ క్యాబిన్ అందమంతా రంగుల్లో ఉండదు, వెలుగు నీడల్లో ఉంటుంది. బ్లాకులో మూల నుంచి మూలకు ఒక గీత గీసినట్టు ఒక సగం లేత పట్టీలు, ఇంకో సగం ముదురు పట్టీలు ఉండాలి. ఆ తేడా గట్టిగా ఉంటేనే బ్లాకులన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు పెద్ద డిజైన్ లేచి కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెడితే కంటికి చాలా తేడాగా అనిపిస్తాయి కానీ రెండూ ఒకే ముదురు అయితే దూరం నుంచి కలిసిపోతాయి. చీరలన్నిటినీ మంచం మీద పరిచి ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ ఫొటోను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. తెల్లగా వచ్చినవి ఒక కుప్ప, నల్లగా వచ్చినవి ఒక కుప్ప. మధ్యస్థంగా బూడిద రంగులో వచ్చిన చీరే చిక్కు. దాన్ని పట్టీలకు వాడకుండా వెనక వైపుకు ఉంచేసుకోండి. పోచంపల్లి ఇక్కత్‌లాంటి చీరలో తెలుపు, నలుపు రెండూ ఉంటాయి కాబట్టి అదీ పట్టీలకు కుదరదు. మధ్య ముక్కకు మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

రంగులు ఒకదానికొకటి నప్పవేమో అని మీరు రాశారు. దాని గురించి దిగులు వద్దు. అలబామాలో గీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాలతో క్విల్టులు కుట్టారు. వాళ్ళు హౌస్‌టాప్ అని పిలిచే డిజైన్ లాగ్ క్యాబిన్‌కు దగ్గర చుట్టమే, మధ్య ముక్క చుట్టూ పట్టీలు తిరుగుతూ వస్తాయి. ఆ క్విల్టులను 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు, 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులు వేసింది. ఆ రంగుల్లో మ్యాచింగ్ అనేదే కనిపించదు, వెలుగు నీడలు మాత్రం ఉంటాయి.

మధ్య ముక్క విషయానికి వస్తే, సంప్రదాయం ప్రకారం అది ఎరుపు. దుంగలతో కట్టిన ఇంట్లో నడుమ మండే పొయ్యికి గుర్తు అంటారు, చుట్టూ పట్టీలు గోడ దుంగలు. మీ అమ్మగారి ఎర్ర చీర ఉంటే అదే వాడండి. ఇంటర్నెట్‌లో ఇంకో కథ కూడా తిరుగుతుంది: మధ్యలో నల్ల ముక్క ఉన్న లాగ్ క్యాబిన్‌ను ఇంటి బయట ఆరేస్తే, పారిపోయి వస్తున్న బానిసలకు ఇది సురక్షితమైన ఇల్లు అని సంకేతమట. వినడానికి బాగుంటుంది కానీ క్విల్టుల చరిత్ర చదివినవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. ఆ కాలం నుంచి దానికి రుజువేదీ లేదు. పిల్లలకు కథగా చెప్పేటప్పుడైనా ఆ మాట చెప్పండి.

కోత. ముందు చీరలన్నీ ఉతకండి. పెడన కలంకారీ ఉందన్నారు కదా, దాన్ని, ముదురు రంగు చీరలను విడిగా తడిపి, ఒక తెల్ల గుడ్డ ముక్కను వాటి మీద గట్టిగా అద్ది చూడండి. రంగు అంటుకుంటే మళ్ళీ ఉతకండి, మూడోసారికీ దిగుతుంటే ఆ చీర ఈ పనికి రాదు, ఎంత ఇష్టమైనా సరే. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు కానీ దాన్ని నమ్ముకుని లేత పట్టీల పక్కన కుట్టకండి. కలంకారీకి ఈ పనితో పాత బంధుత్వమే ఉంది. ఇంగ్లండులో మిగిలి ఉన్న అతి పాత ప్యాచ్‌వర్కుగా చెప్పే లెవెన్స్ హాల్ పరుపు దుప్పటి 1708 ప్రాంతానిది, దాన్ని కుట్టింది భారతదేశం నుంచి వెళ్ళిన అద్దకపు నూలు గుడ్డ ముక్కలతో. అప్పట్లో మచిలీపట్నం రేవు నుంచి అలాంటి గుడ్డ ఓడలకెక్కేది. తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని అక్కడి పార్లమెంటు 1700లో, 1721లో చట్టాలు చేసి దాన్ని అడ్డుకుంది. దొరకని సరుకు కాబట్టి ఉన్న చిన్న ముక్క కూడా పారేయలేదు.

ఉతికిన చీరలకు గంజి పెట్టండి, చిక్కగానే. ఇది నేను చెప్పే వాటన్నిటిలో చవకైన ఉపాయం. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర కాగితంలా నిలబడుతుంది, కత్తెరకు జరగదు, మిషన్ కింద సాగదు. పనంతా అయ్యాక ఒక్క ఉతుకుతో గంజి పోతుంది. అయితే గంజి పెట్టిన పట్టీలను నెలల తరబడి బీరువాలో ఉంచకండి, వెండి పురుగులు పడతాయి.

అరిగిన చోట్లు వదలండి. చీరలో కింది అంచు, కుచ్చిళ్ళు నేలకు తగిలే భాగం, కొంగు ఎక్కువ అరుగుతాయి. నడుములో దోపుకునే లోపలి భాగం కొత్తగానే ఉంటుంది. జరీ అంచు తీసేయండి, గుచ్చుకుంటుంది, అందులో ఇప్పటి జరీ చాలావరకు వేడి ఇస్త్రీకి తట్టుకోదు. పట్టీలు ఎప్పుడూ చీర పొడవునే, అంటే పడుగు వెంటే కోయండి. పేక వైపు, అంటే అడ్డంగా కోస్తే ఎక్కువ సాగుతుంది. చీర పొడవునా ఒక చిన్న గాటు పెట్టి చింపితే దారం వెంట తిన్నగా చిరుగుతుంది, దాంతో సరైన గీత దొరుకుతుంది. కానీ ఒకటిన్నర అంగుళం పట్టీలను కూడా అలాగే చింపకండి, అంచులు పీచులేచి మెలి తిరుగుతాయి. పన్నెండు అంగుళాల వెడల్పుకు చింపి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాత స్కేలు పెట్టి కోయండి. రోటరీ కట్టర్, మ్యాట్, ప్లాస్టిక్ స్కేలు ఉంటే పని తొందరగా అవుతుంది. లేకపోతే టైలర్ చాక్, పదునైన కత్తెర చాలు.

చీరలు సరిపోతాయా అని అడిగారు. సరిపోవడం కాదు, సగం పైగా మిగులుతాయి. 60 అంగుళాలకు 80 అంగుళాల క్విల్టుకు 10 అంగుళాల బ్లాకులు వరసకు ఆరు చొప్పున ఎనిమిది వరసలు, మొత్తం 48. ఒక్కో బ్లాకుకు లేత పట్టీలు 48.25 అంగుళాలు, ముదురు పట్టీలు 56.75 అంగుళాలు పడతాయి. మొత్తం లేత 2,316, ముదురు 2,724 అంగుళాలు. లేత చీరలు నాలుగు, ముదురు చీరలు నాలుగు అనుకుందాం. ప్రతి చీరలో సగం పొడవు, అంటే 108 అంగుళాలే తీసుకుంటే, లేత చీర ఒక్కోదాని నుంచి ఏడు పట్టీలు, ముదురు చీర ఒక్కోదాని నుంచి ఎనిమిది పట్టీలు కోస్తే తరుగు పోను చాలు. ఎనిమిది పట్టీలంటే 12, 13 అంగుళాల వెడల్పు. మిగతా చీర మీ చేతిలోనే ఉంటుంది. నిజానికి ఒక్క చీరతోనే ముదురు సగమంతా అయిపోతుంది, కానీ అప్పుడు తొమ్మిది చీరల జ్ఞాపకం ఒక చీరకు తగ్గిపోతుంది.

మధ్య ముక్క రెండున్నర అంగుళాల చదరం. పట్టీలు ఒకటిన్నర అంగుళం వెడల్పు. పొడవులు ముందే కోసి పెట్టుకోండి. మొదటి చుట్టుకు లేత 2.5, లేత 3.5, ముదురు 3.5, ముదురు 4.5 అంగుళాలు. రెండో చుట్టుకు అదే క్రమంలో 4.5, 5.5, 5.5, 6.5. మూడో చుట్టుకు 6.5, 7.5, 7.5, 8.5. నాలుగో చుట్టు పట్టీలను మాత్రం ఒకటీ ముప్పావు వెడల్పు కోయండి, పొడవులు 8.5, 9.75, 9.75, 11. ఇలా చేస్తే బ్లాకు 11 అంగుళాలు వస్తుంది, చివర్లో నాలుగు వైపులా పావు చొప్పున తీసి సరిగ్గా పదిన్నరకు కోసుకోవచ్చు. ఆ పావు అంగుళమే మీ చిన్న చిన్న తేడాలన్నిటినీ మింగేస్తుంది. పొడవులు ముందే కోయమన్నది ఎందుకంటే, 5.5 పట్టీ తెచ్చి పెట్టినప్పుడు బ్లాకు అంచు 5.25 ఉంటే వెంటనే తెలిసిపోతుంది. పొడుగు పట్టీ కుట్టి మిగిలింది కత్తిరించే పద్ధతిలో ఆ హెచ్చరిక ఉండదు, తప్పు లోపలే ఉండిపోతుంది.

మిషన్‌కు 11 నంబరు సూది వేయండి. 14, 16 సూదులు పల్చటి చీరకు రంధ్రాలు చేస్తాయి. అంగుళానికి 12 కుట్ల దాకా పడేలా పెట్టుకోండి. సూది దిగే చోటు నుంచి సరిగ్గా పావు అంగుళం కొలిచి, మిషన్ ప్లేటు మీద మాస్కింగ్ టేపు నిలువుగా అంటించండి, గుడ్డ అంచు ఆ టేపును తాకుతూ పోవాలి. పని మొదలుపెట్టే ముందు మూడు ఒకటిన్నర అంగుళం పట్టీలు కలిపి కుట్టి ఇస్త్రీ చేసి కొలవండి. మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం ఉండాలి, మొత్తం మూడున్నర ఉండాలి. వీసమెత్తు తేడా ఉన్నా టేపు జరిపి మళ్ళీ చూడండి. ఈ పరీక్ష దాటే వరకు అసలు బ్లాకు ముట్టుకోకండి.

పునాది చదరాన్ని మూల నుంచి మూలకు రెండు వైపులా మడిచి ఇస్త్రీ చేస్తే గుణకారం గుర్తులా గీతలు పడతాయి. మధ్య ముక్కను మంచి వైపు పైకి ఉండేలా, నాలుగు మూలలూ ఆ గీతల మీద కూర్చునేలా పెట్టి గుండుసూది గుచ్చండి. మొదటి లేత పట్టీని దాని మీద బోర్లా పెట్టి, అంచులు కలిపి, పునాదితో సహా కుట్టండి. పట్టీని తెరిచి వేలితో అణచండి, తర్వాత ఇస్త్రీ పెట్టెను పైనుంచి దించి ఎత్తండి. అటూ ఇటూ తోయకండి, తోస్తే గుడ్డ సాగుతుంది, మీ నాలుగో బ్లాకు ఉబ్బడానికి నా అనుమానం ఇదే. తర్వాత బ్లాకును తిప్పి రెండో లేత పట్టీ, ఆ తర్వాత ముదురువి రెండు. తిప్పేది ఎప్పుడూ ఒకే దిక్కుకు, 48 బ్లాకులకూ అదే దిక్కు. మధ్యలో ఒక్క బ్లాకు ఎదురు తిరిగినా చివర్లో పేర్చేటప్పుడు అది పక్కవాటితో కలవదు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి నాలుగు మూలలూ మళ్ళీ ఆ మడత గీతల మీదికి వచ్చి కూర్చోవాలి. కూర్చోకపోతే ఆ చుట్టే విప్పండి. నాలుగు చుట్లయ్యాక విప్పడం కన్నా ఇప్పుడు విప్పడం ఎంతో సులువు.

ఒక్కో బ్లాకూ పూర్తి చేసి ఇంకోదానికి వెళ్ళకండి. 48 బ్లాకులకూ మొదటి పట్టీ వరసగా, దారం తెంపకుండా కుట్టేయండి, తర్వాత కత్తిరించి అన్నీ ఇస్త్రీ చేసి, రెండో పట్టీ మొదలుపెట్టండి. చేతికి ఒక లయ వస్తుంది, మార్జిన్ అన్నిట్లో ఒకేలా పడుతుంది.

చీర గుడ్డతో ఒక చిక్కు ఉంది, వీడియోల్లో ఎవరూ చెప్పరు. లేత చీర పల్చనగా ఉంటే, దాని కిందకు మడత పడిన ముదురు పట్టీ మార్జిన్ పైకి నల్లటి నీడలా కనిపిస్తుంది. పనంతా అయ్యాక చూస్తే లేత పట్టీ అంచు వెంట మరక పడినట్టు ఉంటుంది. లేత పట్టీ తెరిచే ముందు ఆ కుట్టు దగ్గర ముదురు గుడ్డ మార్జిన్‌ను సగానికి కత్తిరించండి, లేత గుడ్డ మార్జిన్ దాన్ని కప్పేలా ఉండాలి. మరీ పల్చటి వెంకటగిరి అయితే పట్టీని రెండు పొరలుగా వేసి కుట్టినా తప్పులేదు. దారం రంగు కూడా లేత బూడిదో, గోధుమ రంగో వాడితే రెండు వైపులా కలిసిపోతుంది.

అన్నీ అయ్యాక అట్టముక్కతో పదిన్నర అంగుళాల చదరం చేసి, మధ్య ముక్క సరిగ్గా నడుమ ఉండేలా చూసుకుని ప్రతి బ్లాకూ కోయండి.

పేర్చే పని ఈ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టం. హాల్లో నేల ఊడ్చి 48 బ్లాకులూ పరవండి. నాలుగేసి బ్లాకుల లేత మూలలు ఒకచోట కలిపితే వెలుగు వజ్రాలు, వాటి మధ్య చీకటి వజ్రాలు వస్తాయి, దీన్ని సన్‌షైన్ అండ్ షాడో అంటారు. బ్లాకుల మూల గీతలన్నీ ఒకే దిక్కుకు పెట్టి, పక్కపక్క బ్లాకుల్లో వెలుగు నీడలను తారుమారు చేస్తే ఏటవాలు చాళ్ళు వస్తాయి, పేరు స్ట్రెయిట్ ఫర్రో. బార్న్ రైజింగ్ అనేది నడుమ నుంచి అలల్లా పెరిగే వజ్రాలు: నట్టనడుమ నాలుగు బ్లాకుల లేత సగాలు లోపలికి, వాటి పక్కవాటి ముదురు సగాలు లోపలికి, ఆ పక్కవాటివి మళ్ళీ లేత సగాలు లోపలికి. దీనికి అడ్డంగా, నిలువుగా బ్లాకులు సరిసంఖ్యలో ఉండాలి, మీకు ఆరు, ఎనిమిది కాబట్టి కుదురుతుంది. మీ చీరల్లో లేతవి రకరకాలుగా ఉన్నాయి కనుక నన్నడిగితే బార్న్ రైజింగే వేయమంటాను, పెద్ద ఆకారం చిన్న చిన్న రంగు గొడవలను మరిపిస్తుంది. ప్రతి అమరికకు ఒక ఫొటో తీసుకోండి, రాత్రికి పడుకుని తెల్లారి చూడండి. ఖాయమయ్యాక ప్రతి బ్లాకు వెనక వరస నంబరు రాసిన కాగితం గుచ్చండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ పని ముందే చేయండి.

బ్లాకులు కలిపేటప్పుడు మార్జిన్‌లోని పునాది గుడ్డను కుట్టు అయ్యాక కత్తిరించేసి, మార్జిన్‌ను రెండు వైపులా విడదీసి ఇస్త్రీ చేయండి. లేకపోతే ఆ కుట్ల దగ్గర తాడులా లేస్తుంది.

దూది సంగతి. పునాది ఉంది కాబట్టి మీ పై పొర ఇప్పటికే రెండు పొరలు, కుట్ల దగ్గర ఇంకా ఎక్కువ. పాత లాగ్ క్యాబిన్లలో చాలావాటికి లోపల దూది ఉండదు, కారణం ఇదే. మీరుండేది కాకినాడ అన్నారు, అక్కడి చలికి ఇంకో పొర అనవసరం. కొంచెం మెత్తగా కావాలంటే మధ్యలో ఒక పాత కాటన్ దుప్పటో, పల్చటి ఫ్లానెల్ గుడ్డో వేయండి. ఫ్లానెల్‌ను వేడినీళ్ళలో ఉతికి వాడండి, బాగా కుంచించుకుపోతుంది. పాలియెస్టర్ వాడింగ్ (దూదికి బదులు వేసే పొర) ఉబ్బుగా ఉంటుంది, ఉక్కపోస్తుంది, చీర మెత్తదనం తెలియనివ్వదు.

వెనక వైపుకు పక్కన పెట్టిన మధ్యస్థ రంగు చీర సరిపోతుంది. నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 68కి 88. చీరలో 88 అంగుళాల ముక్కలు రెండు కోసి పొడవునా కలిపి, వెడల్పు 68కి తగ్గించండి. చీర 216 అంగుళాలు కాబట్టి ఇంకా 40 అంగుళాలు మిగులుతుంది.

పొరలన్నిటినీ నేల మీద పరిచి, వెనక గుడ్డను బిగువుగా టేపుతో అంటించి, నడుమ నుంచి అంచులకు బెత్తెడు దూరానికి ఒక పిన్నీసు పెట్టండి. ఇక్కడ తొందర పడితే వెనక ముడతలు పడతాయి. తర్వాత రెండు దారులున్నాయి. మన బొంతకు కుట్టినట్టు చేత్తో రన్నింగ్ కుట్టు వేయొచ్చు, కానీ పట్టీల అంచుల దగ్గర పొరలెక్కువై సూది దిగదు, వేళ్ళు నొప్పెడతాయి. ఒక్కో పట్టీ మధ్యలో, కుట్టుకు దూరంగా వెళ్ళండి, 8 నంబరు పెర్ల్ కాటన్ దారంతో కాస్త పెద్ద కుట్లే వేయండి, అదీ అందంగానే ఉంటుంది. రెండో దారి ముడులు. ప్రతి బ్లాకు నడుమ, ప్రతి నాలుగు మూలలు కలిసే చోట దారం పైనుంచి కిందికి దించి, పక్కనే పైకి తీసి, గట్టి ముడి వేసి అర అంగుళం వదిలి కత్తిరించడం. పాత లాగ్ క్యాబిన్లకు ఎక్కువగా ఇదే చేశారు. చిన్నచూపు చూడాల్సిన పని కాదు.

అంచు పట్టీకి చుట్టుకొలత 280 అంగుళాలు, అతుకులకు, మూలలకు కలిపి 295 అంగుళాలు ఉంచుకోండి. రెండున్నర అంగుళాల పట్టీని పొడవునా సగానికి మడిచి, మడతలేని అంచును క్విల్టు అంచుకు కలిపి ముందు వైపు మిషన్ మీద కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయండి. అంచులు తిన్నగా ఉన్నాయి కాబట్టి ఐమూలగా కోయక్కర్లేదు. మూలకు పావు అంగుళం ముందే కుట్టు ఆపి, పట్టీని పైకి మడిచి, మళ్ళీ కిందికి మడిచి కొత్త వైపు మొదలుపెడితే మూల చక్కగా పదునుగా వస్తుంది.

కొలతలన్నీ చూసి విసుగొస్తే ఇంకో మార్గం చెప్తాను. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు కుట్టే కవంది ఉంది. స్కేలు లేదు, బ్లాకు లేదు. పాత చీర పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి ముక్క మీద ముక్క పెడుతూ, కుట్టుకుంటూ లోపలికి తిరుగుతారు. మీకు మిగిలే చీరలతో తర్వాత అది ప్రయత్నించండి.

ఇక పట్టుచీరలు. వీటితో కలపొద్దు. కాటన్‌ను నీళ్ళలో ఉతుకుతారు, పట్టును ఉతకలేరు, అదొక్కటే చాలు. పైగా పాత పట్టు మడతల దగ్గర పగులుతుంది. గోళ్ళతో మడత మీద మెల్లగా గీసి చూడండి, సన్నగా చీలితే దాన్ని ఎక్కడా వాడకండి. పందొమ్మిదో శతాబ్దపు పట్టు క్విల్టులు చాలావరకు ఇలాగే పొడిపొడిగా రాలిపోతున్నాయి, బరువు రావడానికి అప్పటి మిల్లులు పట్టుకు లోహపు లవణాలు పట్టించడమే దానికి పెద్ద కారణం. మీ పట్టు గట్టిగా ఉంటే రెండు చీరలతో పునాది మీద నాలుగో ఆరో బ్లాకులు కుట్టి దిండు గలీబులో, గోడకు వేలాడేసే చిన్న ముక్కో చేయండి. ఉన్న నాలుగు తప్పు బ్లాకులను మాత్రం విప్పకండి. పక్క మార్జిన్లు సరిచేసి తొమ్మిది అంగుళాలకు కోస్తే వాటితో ఒక కుర్చీ మెత్త అవుతుంది. కొత్తవి పంచె మీద మొదలుపెట్టి, మొదటి చుట్టు అయ్యాక మూలలు గీతల మీద కూర్చున్న ఫొటో ఒకటి పెడితే చూసి చెప్తాను.